కొండ దారిలో గూఢచారి

"మీరు నా వెనకే ఎందుకు నడుస్తున్నారు?"

కొండపల్లి ఖిల్లాకు వెళ్లే అడవి దారిలో శాంభవి ఉన్నట్టుండి ఆగి, వెనక్కి తిరిగి అడిగింది.

"దారి ఒకటే కదండీ," అన్నాడు అనంతకృష్ణ.

"మిగతా పన్నెండు మందీ ముందుకెళ్లిపోయారు. నాకు జబ్బుంది, ఆగుతాను. మీరెందుకు ఆగడం?"

"పిట్టల్ని చూస్తున్నానండీ."

"ఏ పిట్ట?"

అతను చుట్టూ చూశాడు. ఒక్క కాకి తప్ప ఏదీ కనబడలేదు. "అదే," అన్నాడు.

శాంభవికి నవ్వు రాబోయింది గానీ అనుమానం అడ్డొచ్చింది.

ఆమె విజయవాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. ఆరేళ్లుగా కీళ్లవాతం. ఇరవై ఏడేళ్లకే ఈ జబ్బేమిటని అడగని బంధువు లేడు. ఆదివారం ఆరింటికి కొండెక్కాలంటే తెల్లవారకముందే లేచి, బిగుసుకుపోయిన వేళ్లనూ మోకాళ్లనూ వేడినీళ్లతో దారికి తెచ్చుకోవాలి. అయినా ట్రెకింగ్ గ్రూపులో చేరింది. అమ్మ లక్ష్మీనరసమ్మ పెట్టిన షరతు ఒకటే: మోకాలు వాచిందని తెలిస్తే ఆ రోజుతో ట్రెకింగ్ బంద్.

ఇవాళ సగం దారిలో ఎడమ మోకాలు వాచింది. ఎవరికీ చెప్పలేదు.

అనంతకృష్ణ నాలుగు వారాల క్రితమే గ్రూపులో చేరాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరట. నవ్వు బాగుంటుంది, అందుకే అనుమానం మరీ ఎక్కువ. ఆమె కూర్చుంటే కూర్చుంటాడు, లేస్తే లేస్తాడు.

ఇంతలో సన్నగా జల్లు మొదలైంది. ఇద్దరూ ముందుకు వంగిన ఒక పెద్ద బండ కిందికి చేరారు. ఫోను తడవకుండా అతను కవర్లో పెడుతుంటే అది మోగింది. తెర మీద పేరు: లక్ష్మీనరసమ్మ టీచర్‌గారు.

అతను ఎత్తలేదు. కానీ ఆమె చూసేసింది.

"మా అమ్మ మీకెలా తెలుసు?"

"మా అమ్మా, మీ అమ్మగారూ ఒకే స్కూల్లో పనిచేశారండీ."

"అయితే నన్ను కనిపెట్టి ఉండమని పంపిందన్నమాట. ఎంత దూరం నడిచింది, ఎన్నిసార్లు కూర్చుంది, అన్నీ చెబుతున్నారా?"

"మొదటి వారం ఆవిడ అడిగితేనే వచ్చాను. అందులో అబద్ధమాడను. కానీ ఆవిడకు ఒక్క మాటా చెప్పలేదు."

"నమ్మమంటారా?"

"నమ్మొద్దు. ఆవిడనే అడగండి."

శాంభవి తన ఫోను తీసి, అమ్మకు కలిపి, స్పీకర్లో పెట్టింది. "అమ్మా, అనంతకృష్ణ అనే ఆయన్ని నువ్వే పంపావా?"

లక్ష్మీనరసమ్మ గొంతు చిరాగ్గా వినిపించింది. "పంపాను. ఏం లాభం? 'మీ అమ్మాయి నాకంటే గట్టి మనిషండీ, ఏదైనా ఉంటే తననే అడగండి, నేను చెప్పను' అని మొదటి వారమే అనేశాడు. అప్పట్నించి ఫోనే ఎత్తడు. సరే, ఇక వెళ్లొద్దులే నాయనా అని మెసేజ్ పెట్టినా మానట్లేదట, వాళ్లమ్మ చెప్పింది. ఎందుకొస్తున్నాడో ఆ అబ్బాయికే తెలియాలి."

శాంభవి అతని వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. చూపు తీసుకెళ్లి కొండ కింద తడుస్తున్న థర్మల్ స్టేషన్ పొగగొట్టాల మీద పెట్టాడు.

ఆమె ఫోను చేత్తో మూసి, "జాలా?" అంది మెల్లగా.

"జాలైతే మొదటి వారమే తీరిపోయేదండీ. మీరు నొప్పిని తిట్టుకుంటూ ఎక్కడం చూశాను. అప్పట్నించి ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉంటోంది." కాస్త ఆగి అన్నాడు, "మోకాలు వాచిందని మీ నడక చూస్తే ఇందాకే తెలిసింది. మీరు చెప్పేదాకా అడగకూడదనుకున్నాను."

శాంభవి ఫోను మీంచి చెయ్యి తీసింది.

"అమ్మా, ఎడమ మోకాలు వాచింది. పైదాకా వెళ్లను, దిగిపోతున్నా. రేపు డాక్టరుకు చూపిస్తాను. కానీ మానేయను. తగ్గాక మళ్లీ వస్తా. ఇకనుంచి వాస్తే నేనే చెబుతాను."

లక్ష్మీనరసమ్మ వద్దనలేదు.

"ఒక్కదానివే దిగుతావా?"

"లేదు. ఆయన ఉన్నారు."

"ఊఁ," అంది అమ్మ. "ఇద్దరూ జాగ్రత్తగా దిగండి. ఆ అబ్బాయిని టిఫినుకు తీసుకురా. నా ఫోనెందుకు ఎత్తలేదో నేనే అడుగుతాను."

జల్లు తగ్గింది. ఎక్కడం కన్నా దిగడమే మోకాలికి కష్టం. ఆరేళ్లలో ఎవరి సాయమూ అడగని శాంభవి, "మీ భుజం పట్టుకోవచ్చా?" అంది.

అతను ఒక అడుగు కిందికి దిగి, ఆమె చెయ్యి అందేంత ఎత్తులో నిలబడ్డాడు.