ఏ క్యాంపస్‌కి అని అడక్కూడదు

"ఆ మైక్రోస్కోప్ నాది."

"దాని మీద నీ పేరేమన్నా చెక్కారా?"

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో లిగాయాకీ నాకూ మాటలు అలా కలిశాయి. ఉన్నవాటిలో సరిగ్గా పనిచేసేది అదొక్కటే. ఎడమవైపు నేను పట్టుకున్నాను, కుడివైపు ఆమె. చివరికి ఇద్దరూ కలిసి వాడుకోండని టీచర్ కసిరింది. ఆ సెమిస్టరంతా వంతులేసుకుని చూశాం. వంతు ఆమెదైనప్పుడు నేను చూసింది మాత్రం చెవి మీంచి జారిన ఆమె జుట్టునే.

"అబ్దియెల్, నా మొహం మీద ఏమన్నా బ్యాక్టీరియా పెరుగుతోందా?" అనేది తలెత్తకుండానే.

"ఇంకా తేల్లేదు. కొన్నాళ్లు పరిశీలించాలి."

మా లోయలో నర్సింగ్ సీటు కోసం తిరిగేవాళ్లకి ఒక అలవాటుంది. వయసు అడగొచ్చు, జీతం అడగొచ్చు, పెళ్లెందుకు తప్పిపోయిందో కూడా అడగొచ్చు. ఏ క్యాంపస్‌కి అప్లై చేస్తున్నావని మాత్రం అడక్కూడదు. అడిగినా ఎవరూ నిజం చెప్పరు. టౌన్‌లో క్యాంపస్ ఒకటి, కొండల దగ్గర ఇంకోటి. రెండింట్లో ఒక్కదానికే అప్లికేషన్ వెయ్యనిస్తారు. అందుకే మిగతావాళ్లు అటే పోవాలని టౌన్‌కి వేసేవాడు కొండ అంటాడు, కొండకి వేసేది టౌన్ అంటుంది. ఇదేదో తప్పని మాలో ఎవరూ అనుకోరు. నా సొంత కజిన్‌కి నేను అబద్ధం చెప్పాను, వాడూ నాకు అబద్ధమే చెప్పాడు, ఇద్దరం కలిసి టాకోలు తిని ఇంటికెళ్లాం.

జనవరిలో ఒక పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పార్కింగ్‌లో మా కార్లే మాకు కనబడలేదు. వెతుక్కుంటూ తిరుగుతుంటే లిగాయా తనంతట తనే చెప్పింది.

"నేను కొండ క్యాంపస్‌కి వేస్తున్నా. మా లోలాకి డయాలసిస్ ఆ పక్కనే కదా. తీసుకెళ్లేదాన్ని నేనే." లోలా అంటే వాళ్ల అమ్మమ్మ. "పైగా నా అనాటమీ మార్కులు ఈ ఏడాది దాటితే చెల్లవు. ఈసారి రాకపోతే మళ్లీ మొదట్నుంచి చదవాలి. నువ్వెక్కడికి?"

"టౌన్‌కి," అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇంటికెళ్తూ ఆలోచించాను. అమ్మమ్మ సంగతి నిజం. మార్కుల సంగతీ నిజమే అయ్యుంటుంది. కొండ క్యాంపస్ మాట మాత్రం ఎవరు నమ్ముతారు? అంటే టౌన్‌కే వేస్తోందన్నమాట. సీట్లకి లెక్కేసే పాయింట్లలో ఆమెకంటే నేనో పిసరు ముందున్నాను. ఆమె సీటుకి నేను అడ్డం పడకూడదు. ప్రేమంటే ఇదే కదా అని నా భుజం నేనే తట్టుకుని, కొండ క్యాంపస్‌కి వేసేశాను. సముద్రం పక్కన, మూడు గంటల దూరంలో వేరే జిల్లా కాలేజీ ఉంటే, ఎందుకైనా మంచిదని దానికీ వేశాను.

మే నెలలో రెండు చోట్లా సీటొచ్చింది. పరిగెత్తుకుంటూ ఆమె పనిచేసే బేకరీకి వెళ్లాను.

"నాకు కొండ క్యాంపస్‌లో వచ్చింది!"

రొట్టెలు తీస్తున్న పట్టుకారు ఆగిపోయింది. "కొండలోనా? టౌన్ అన్నావుగా?"

"నీ కోసమే మార్చుకున్నా. టౌన్‌లో నీకు అడ్డం రాకూడదని..."

"కొండకి వేస్తున్నానని చెప్పాను కదా నీకు."

"అందరూ తిరగేసే చెప్తారు కదా."

"అందరికీ టౌన్ అనే చెప్పాను, అబ్దియెల్. మా అక్కక్కూడా. నీకొక్కడికే నిజం చెప్పాను." ఆమె పట్టుకారు పక్కన పెట్టింది. "కొండలో వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాదే. పైనున్నవాళ్లు ఎవరన్నా వదులుకుంటే తప్ప రాదు."

మా వాళ్లలో 'నువ్వంటే ఇష్టం' అనడం సులువు. ఏ క్యాంపస్సో చెప్పడం అంతకన్నా పెద్ద మాట. అంత పెద్ద మాట ఆమె చెప్తే, నేను లోపల్లోపల నవ్వుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను వదిలేస్తా," అన్నాను.

"వద్దు. జాలిపడి ఇచ్చే సీటు నాకొద్దు. రేపు మనం పోట్లాడుకున్నప్పుడల్లా అది మధ్యలో వచ్చి కూర్చుంటుంది."

"సముద్రం దగ్గర కూడా వచ్చింది నాకు."

"అది నీకిష్టమేనా?"

చాలా ఇష్టం అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు. కొండే ఇష్టం. ఇల్లు దగ్గర, అమ్మ వంట, నువ్వు. అక్కడ నాకెవరూ తెలీదు. మొదటి వారమే ఏడుస్తానేమో. కానీ నేను వెళ్లగలను, లిగాయా. నువ్వు వెళ్లలేవు. నీ మాట నమ్మలేదు, తప్పు నాదే. అయినా తప్పు చేశానని వెళ్లడంలేదు. నువ్వంటే ఇష్టం కాబట్టి వెళ్తున్నా."

ఆమె నిజమేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది. నా వెనక వరసలో ఉన్న పెద్దాయన దగ్గాడు.

"అమ్మాయ్, అతను నిజమే చెప్తున్నట్టున్నాడు. నా పాన్‌దెసాల్ రొట్టెలు ఇచ్చేసి మిగతాది మాట్లాడుకోండి."

ఆయనకి రొట్టెలిచ్చి, ఏప్రన్ విప్పి, కౌంటర్ ఇవతలకి వచ్చింది. నేను ఫోన్ తీసి కొండ క్యాంపస్ సీటు వదులుకున్నాను. బటన్ నొక్కుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. తర్వాత కూడా వదల్లేదు.

"రెండేళ్లు," అన్నాను. "మూడు గంటల దారి."

"ఆదివారం డయాలసిస్ ఉండదు. లోలాని కూడా తీసుకొస్తా. సముద్రం చూడక చాలా ఏళ్లయింది ఆవిడ," అంది కళ్లు తుడుచుకుంటూ. "ముందెళ్లేది నువ్వే కదా, ఆవిడ చక్రాల కుర్చీ ఇసుక దాకా వెళ్లే దారెక్కడుందో చూసిపెట్టు."