కాళ్ళు మార్చని ట్రాన్సిస్టర్

పొద్దున ఎనిమిదీ నలభైకి షాపు షట్టరు ఎత్తారు. నిదానం మేస్త్రీ బల్ల కింద పడున్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది.

పాత స్టీరియోలు బాగుచేసే మనిషి. నిదానం అన్న పేరు ఊరికే రాలేదు. సాయంత్రం ఇస్తానంటాడు, ఏ సాయంత్రమో చెప్పడు. చెయ్యి పడిందంటే మాత్రం తిరుగుండదు.

బల్ల మీద మూత తీసిన రిసీవరు. ప్లగ్గు పెట్టే ఉంది. మేస్త్రీ చెవి వెనక దెబ్బ.

"షాక్ కొట్టింది సార్. పడేటప్పుడు బల్ల అంచు తగిలుంటుంది," అన్నాడు హెడ్ కానిస్టేబులు.

ఎస్సైకీ అలాగే అనిపించింది.

మేస్త్రీ కూతురు గుమ్మంలోంచి కదల్లేదు.

"మూడు వారాల కింద ఇక్కడ బాగుచేసిన సెట్టు అంటుకుని ఒక ముసలమ్మ కాలిపోయింది సార్. ఇప్పుడు ఆ పాపమే తగిలిందంటారు. నాన్న ఎలాగూ రాడు. పేరన్నా మిగల్చండి."

హెడ్డు తల గోక్కున్నాడు. "నిన్న మూడింటికి ఈయన స్టేషన్‌కొచ్చాడు సార్. ఆ కాలిన సెట్టు చూసి 'ఇది నా చెయ్యి కాదు' అన్నాడు. తప్పించుకునే మాటలే అని నేను పట్టించుకోలా."

ఎస్సై హెడ్డుకేసి ఒక చూపు చూశాడు. "వెళ్ళి ఆ సెట్టు పట్రా."

షాపు తాళాలు ఇద్దరి దగ్గరే. మేస్త్రీ దగ్గరొకటి, ఆయన బావమరిది దగ్గరొకటి.

"నువ్వెన్నింటికి వెళ్ళావ్?" బావమరిదిని అడిగాడు ఎస్సై.

"నిన్న ఆరింటికి సార్."

"అప్పుడు మీ బావ?"

"ఈ సెట్టు పవర్ సప్లైలో ట్రాన్సిస్టర్ అతికిస్తున్నాడు. పాత నంబరు తయారీ ఆపేశారు కదా, సరిపోయేది వేరేది పెడుతున్నాడు. కళ్ళారా చూశా."

"నీకూ ఈ పని వచ్చా?"

"నాకెక్కడిది సార్! నేను కౌంటరు మనిషిని. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకుంటే బావ మొట్టికాయ వేసేవాడు."

పదకొండింటికి కాలిన సెట్టు వచ్చింది. కూతురు అలమారలోంచి నాన్న బాగుచేసిన సెట్లు నాలుగు దించి, మూతలు విప్పింది.

"చూడండి సార్. ఈ ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్ళు. పాతదీ కొత్తదీ పైకి కవలపిల్లలే. కానీ కాళ్ళ వరస వేరు. అందుకే నాన్న రెండు కాళ్ళు అడ్డంగా మార్చి, తగులుకోకుండా పసుపు గొట్టం తొడిగేవాడు."

నాలుగింట్లోనూ అలాగే ఉంది.

కాలిన సెట్టులో కాళ్ళు తిన్నగా ఉన్నాయి. ఫ్యూజు ఉండాల్సిన చోట లావు వైరు చుట్టి ఉంది.

ఎస్సై బల్ల మీది సెట్టు వంచి చూశాడు. అందులోనూ తిన్నగానే.

"రెండూ ఒక్క చేతి పనే," అన్నాడు.

బావమరిది ఆ సెట్టులోకి తొంగిచూశాడు. "పెద్దవాడైపోయాడు సార్. చూపు ఆనలేదేమో..."

"చూపు ఆననివాడు వంకరగా పెడతాడు. ఇది శుభ్రంగా, తిన్నగా పెట్టింది. కాళ్ళు మార్చాలని తెలియనివాడు పెట్టింది. మరి ఆరింటికి నువ్వు కళ్ళారా చూసిందెవర్నిరా?"

వాడు జేబులోంచి షాపు తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"బావది నిదానం, ముసలమ్మ వాళ్ళది తొందర. ముసలమ్మ సెట్టు నేనే చేసిచ్చేశా. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే వైరు చుట్టా. నిన్న బావ, స్టేషన్‌కి పద, నిజం చెబుదాం అన్నాడు. బల్ల మీదున్న ఇనప దిమ్మలాంటి ట్రాన్స్‌ఫార్మర్ చేతికందింది..."

"పనిలో ఉండగానే పోయినట్టు కనబడాలని ట్రాన్సిస్టర్ అతికించావు."

వాడు తలూపాడు.

"ముసలమ్మ సెట్టు ఎందుకంటుకుందో మీ బావ చెప్పలేదూ?"

"చెప్పబోయాడు సార్. 'ముందు దీని కాళ్ళు చూడరా' అని ఈ ట్రాన్సిస్టరే నా చేతిలో పెట్టి అటు తిరిగాడు. నేను వినలేదు."

అప్పుడే మేస్త్రీ భార్య వచ్చింది. కూతురి భుజం పట్టుకుంది.

"మీ నాన్న తప్పేం లేదు కదే?"

"లేదమ్మా."

ఆవిడ ఊపిరి వదిలింది. తర్వాత జీపు ఎక్కుతున్న తమ్ముడి చేతులకు బేడీలు చూసింది.

"వీణ్ణి తీసుకుపోతే మీ నాన్నని ఎవరు మోస్తారే?" అంది.