ఈ ఇంట్లో ద్రోహి లేడు

శుక్రవారం పొద్దున అరుంధతి పెనం మీద పెసరట్టు పోసి, అది కాలేలోగా భోజనాల బల్ల మీది కాగితాల్లోంచి ఒకటి తీసి చదువుకుంటోంది. సుధాకరరావుకి ఆ కాగితాలు కొత్త కాదు. దోహా శివారు అల్ ఘర్రాఫాలో ఈ విల్లాకి వచ్చిన ఐదేళ్లుగా ఆమె పరిశోధన ఆ బల్ల మీదే కాపురముంటోంది. విక్టోరియా రాణి చివరి రోజుల్లో, ఉత్తర వేల్స్‌లోని బెతెస్డా అనే ఊళ్లో, పలకరాయి గని పనివాళ్ల బతుకు గురించి ఆ పరిశోధన. స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పగా మిగిలిన టైమంతా ఆమె దానికే ఇచ్చింది.

ఆ పనివాళ్లు పగలంతా రాళ్లు పగలగొట్టి, సాయంత్రం ప్రార్థనామందిరంలో చేరి నాలుగు గొంతుల్లో పాడేవారట. పాటలకీ పద్యాలకీ పోటీలు పెట్టుకుని, గెలిచిన కవిని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఊరంతా లేచి నిలబడేదట. అలాంటివాళ్లు యజమానితో పేచీ వచ్చి మూడేళ్లు పని మానేశారని, వాళ్ల గాయక బృందాలు ఊరూరా తిరిగి పాడి పిల్లల తిండికి చందాలు తెచ్చాయని అరుంధతి చెబుతుంటే, అతను పెసరట్టు తుంచుతూ ఊఁ కొట్టాడు.

"లింబాద్రి ఇంకా రాలేదేమండీ? శుక్రవారం ఎనిమిదింటికల్లా వచ్చేస్తాడుగా," అంది అరుంధతి.

అతని చేతిలో ముక్క చేతిలోనే ఆగింది. "కూలీల క్యాంపులో గొడవగా ఉందిగా," అన్నాడు.

అది చమురు ధర నెలనెలా ఎగబాకుతున్న 2005 వేసవి. దోహా చుట్టూ ఎటు చూసినా క్రేన్లే. సుధాకరరావు కంపెనీ కట్టే భవనం మీద పోయిన వారం మిట్టమధ్యాహ్నం గంగన్న అనే జగిత్యాల మనిషి ఎండదెబ్బకి కూలిపోయి, మళ్లీ లేవలేదు. మర్నాటి నుంచి మూడొందల మంది పనిలోకి దిగలేదు. పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపితేనే ఎక్కుతామన్నారు. వాళ్ల తరఫున మాట్లాడినవాడు లింబాద్రి. మూడేళ్ల కిందట దుఖాన్ రోడ్డు మీద కారు బోల్తాపడితే తలుపు విరగ్గొట్టి సుధాకరరావుని బయటికి లాగినవాడు కూడా అతనే. అప్పటినుంచి అరుంధతికి తమ్ముడయ్యాడు.

క్యాంపు వ్యవహారాలన్నీ సుధాకరరావు చేతిలోవి. ముందుండి నడిపిస్తున్నదెవరో పేర్లు కావాలని నిన్న మేనేజర్ అడిగాడు. సుధాకరరావు పదకొండు పేర్లు రాసి సంతకం పెట్టాడు. రెండో పేరు లింబాద్రిది. ఊరికే పిలిచి మాట్లాడతారులే అనుకున్నాడు. అలా అనుకుంటేనే నిద్ర పట్టింది.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. మనుషుల్ని గుర్తుపట్టడానికి రమ్మన్నారు.

క్యాంపు గేటు దగ్గర బస్సు ఆగి ఉంది. కంపెనీ పిలిపించిన సెక్యూరిటీ వాళ్లు పాతిక మంది, చేతుల్లో ఇనుప పైపులతో, గదుల్లోకి దూరారు. వంటసామాన్లు వరండాలోకి ఎగిరిపడ్డాయి. పళ్లెం ముందు కూర్చున్నవాణ్ణి జుట్టు పట్టి ఈడ్చారు. బనీను చిరిగిన ముసలివాడొకడు మోకాళ్ల మీద పాకుతూ, "మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్" అని, ఏ గొడవా లేదని వచ్చీరాని అరబ్బీలో అంటుంటే వీపు మీద తన్నారు. మెట్ల కింద సిమెంటు మీద నెత్తురు చారలు కట్టింది. సుధాకరరావు బస్సు పక్కన నిలబడి, తెచ్చినవాణ్ణి తెచ్చినట్టు చూసి తలూపాడు.

లింబాద్రిని ఇద్దరు పట్టుకొచ్చారు. అతను పెనుగులాడలేదు. సుధాకరరావుని చూసి ఆగి, ఏదో చెప్పబోయినట్టు కుడిచెయ్యి పైకెత్తాడు. వెనకున్న గార్డు పైపు విసిరాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. లింబాద్రి నోరు తెరిచాడుగాని అరుపు రాలేదు. మోచేతి కింద చెయ్యి పక్కకి తిరిగిపోయింది. సుధాకరరావు అప్పుడూ తలూపాడు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. వీధివైపు కిటికీకి లోపలినుంచి తెల్ల అట్ట ఒకటి అంటించి ఉంది. పైన అతనికి తెలియని భాష. కింద అరుంధతి గుండ్రటి అక్షరాలు: ఈ ఇంట్లో ద్రోహి లేడు.

"ఏంటిది?"

"ఆదివారం స్కూల్లో ప్రదర్శనండీ. బెతెస్డాలో కొందరు సమ్మె వదిలి గనిలోకి తిరిగి వెళ్లిపోయారు కదా, మిగతావాళ్లు తమ వెల్ష్ భాషలో ఇలాంటి అట్టలు కిటికీల్లో పెట్టుకున్నారు. దూరానికి కనబడుతుందో లేదో చూద్దామని పెట్టాను. మన లింబాద్రి వాళ్ల కోసం కూడా అనుకోండి."

అతను అట్టని ఊడబీకి నాలుగు ముక్కలు చేశాడు. అది చాలక బల్ల మీది కాగితాలు రెండు చేతులా ఎత్తి గోడకేసి కొట్టాడు. అరుంధతి నివ్వెరపోయి చూసింది. అతని చొక్కా అంచు మీది ఎర్రటి చుక్కలు ఆమెకి అప్పుడు కనబడ్డాయి.

"ఎవరి నెత్తురది?"

అతను చొక్కా అంచుని ప్యాంటులోకి దోపుకున్నాడు.

"పేర్లు మీరే ఇచ్చారా?"

అతని చెయ్యి లేచింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎన్నడూ లేవనిది. ఆ దెబ్బకి ఆమె కిటికీ గట్టు మీద పడి, చెంప పట్టుకుని అక్కడే నిలబడింది. ఏడవలేదు.

"ఆ ఊళ్లో ఏమైందో మీకు పొద్దున సగమే చెప్పాను," అంది. "ఆఖరికి ద్రోహుల ఇళ్ల కిటికీలు పగలగొట్టారు. పటాలం దిగింది. అన్నదమ్ములు ఒకే వీధిలో ఉండి, చావుకి కూడా గడప తొక్కలేదు. మనవల కాలం దాకా ఆ ఇళ్లవాళ్లు ఈ ఇళ్లవాళ్లతో మాట్లాడలేదు. ఇదంతా ఎక్కడో జరిగిందనుకుంటూ రాశాను నేను."

అద్దం భళ్లున పగిలింది. పిడికెడు రాయి ఆమె నుదుటికి తగిలి నేలమీద పడింది. రెండోది అతని భుజం రాసుకుంటూ పోయింది. గేటవతల నిలబడ్డది రాజనర్సు, చచ్చిపోయిన గంగన్న తమ్ముడు.

"మా అన్నను ఎండ సంపింది," అన్నాడతను గేటు పట్టుకుని. "లింబాద్రిని నువ్వు సంపినవ్."

మూడో రాయి చేతిలోనే ఉంది. కిటికీలో నెత్తురోడుతున్న ఆడమనిషి కనబడగానే దాన్ని జారవిడిచి, పరుగెత్తిపోయాడు.

సుధాకరరావు అరుంధతిని కార్లో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఆమె తువ్వాలు అదుముకుని, అతనివైపు చూడకుండా కూర్చుంది. నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. పక్క తెర వెనక నుంచి తెలిసిన గొంతు నీళ్లడిగింది. అరుంధతి తెర తొలగించింది. లింబాద్రి చేతికి కట్టు ఉంది. పక్కన ఒక పోలీసు అధికారీ, కంపెనీ మనిషీ నిలబడి ఉన్నారు.

"అక్కకు దెబ్బెట్ల తాకింది?" అన్నాడు లింబాద్రి.

సుధాకరరావు చెప్పాడు. "ముందు నేను కొట్టాను. తరవాత రాయి తగిలింది. లిస్టు కూడా నేనే ఇచ్చాను లింబాద్రీ."

"ఎరుకే సారూ. బస్సు కాడ సూసిన. కాళ్లు మొక్కుతా, ముసలోన్నన్న ఇడిసిపెట్టుమని చెప్దామని చెయ్యెత్తిన."

కంపెనీ మనిషి, ఇతను మెట్ల మీంచి జారిపడ్డాడని హిందీలో అధికారికి చెబుతున్నాడు. ఈ ఉద్యోగం, విల్లా, వీసా, అన్నీ సుధాకరరావు కళ్లముందు తిరిగాయి.

"జారిపడలేదు," అన్నాడు అధికారితో. "పైపుతో కొట్టారు. నేను అక్కడే ఉన్నాను. కొట్టినవాడి పేరు తెలుసు. మిగతా పదిమందికి తగిలిన దెబ్బలూ చెబుతాను."

అధికారి, ఇది రాసిస్తే ఉద్యోగం నిలవదని, బహుశా దేశంలో కూడా ఉండనివ్వరని మెల్లిగా అన్నాడు. సుధాకరరావు కాగితం అడిగి తీసుకున్నాడు. మంచం చివర నిలబడి, గంగన్న కూలిన రోజు నుంచి మొదలుపెట్టి రాశాడు. రాజనర్సు పేరు మాత్రం రాయలేదు. రెండు పేజీలు నిండాయి. సంతకం పెట్టి ఇచ్చాడు.

కంపెనీ మనిషి ఫోన్ చేస్తూ బయటికి నడిచాడు. అధికారి కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెనకే వెళ్లాడు.

సుధాకరరావు అక్కడే నిలబడిపోయాడు. అరుంధతి ఎడమచేత్తో లింబాద్రి తల పైకెత్తి నీళ్లు తాగించింది. లింబాద్రి చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరవాత, నొప్పికి పళ్లు బిగపట్టి, కాళ్లు ఒక పక్కకి జరుపుకుని మంచం మీద జానెడు చోటు చేశాడు.

"కూసో సారూ," అన్నాడు. "ఎంతసేపని నిలవడతవ్."

సుధాకరరావు ఆ జానెడు చోట్లో కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అరుంధతి అతన్ని ఊరుకోమనలేదు. లేచి వెళ్లిపోనూలేదు.