బానెట్ మీద వెంట్రుక

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోతుంటే ఎడమ పక్క ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దరియావలి కార్లకు రంగులు వేసేది అక్కడే. ఎప్పుడు పోయినా థిన్నర్ వాసన, గోడకు ఆనించిన డోర్లు, తాగేసిన టీ గ్లాసులు. పనిమంతుడని పేరున్న మనిషి. నెల్లూరు నుంచి కూడా బండ్లు వస్తాయి. అలాంటివాడు నా కారును రెండుసార్లు పాడుచేశాడు. ఒళ్లు మండదా మరి?

అసలు సంగతి కూడా చెప్పేస్తాను. నేను రొయ్యల మేత వ్యాపారిని. డిసెంబరులో ఒక తెల్లవారుజామున, చెరువుల రోడ్డు మీద, మంచులో ఒక ముసలామెను గుద్దాను. ఆమె చావలేదు. గోరింటాకు పెట్టిన ఎర్రటి జుట్టు బంపర్ జాలీలో ఇరుక్కుపోయింది. లాగబోతే "మెల్లగా నాయనా... నొప్పి" అంది. ఆస్పత్రికి తీసుకుపోతే కేసు, స్టేషను, ఇంట్లో నా భార్య ఉషారాణి ఏడుపులు, ఇద్దరు పిల్లల ముందు తలవంపులు. మేత బస్తాలు కోసే కత్తెర కారులోనే ఉంది. జుట్టు కత్తిరించాను. ఆమెను కాలవ గట్టు కిందికి దొర్లించి వచ్చేశాను.

ఎవరూ చూడలేదు. కానీ దారిలో టీ బంకు దగ్గర కెమెరా ఉంది. సిల్వర్ రంగు కారు అందులో పడే ఉంటుంది. అందుకే ఆ పొద్దే దరియావలి దగ్గరికి పోయాను. బర్రెను గుద్దానని చెప్పి, సొట్టలు తీసి కారంతా తెలుపు చేయమన్నాను.

అతను పైపు పట్టి బంపర్ కడుగుతుండగా ఫోన్ వచ్చింది. వాళ్లమ్మ మస్తాన్‌బీ కాలవలో శవమై దొరికిందని. ఎర్రనీళ్లు ఇంకా అతని మోచేతుల మీద నుంచి కారుతున్నాయి. నేను అతని భుజం తట్టాను.

"ఎవడు చేసినాడో వాడికి దేవుడే చెప్తాడులే" అన్నాను. బండి శుక్రవారానికి అందుతుందా అని కూడా అడిగాను. అడక్కపోతే ఎలా? నా భయం నాది.

పాపం, ఇచ్చాడు. తెలుపు బాగానే కుదిరింది. బానెట్ అంచున మాత్రం రంగు కింద జానెడు వెంట్రుక. చెడామడా తిట్టాను. అతను వాటర్ పేపర్‌తో రేకు కనపడేదాకా రుద్ది, మళ్లీ రంగు కొట్టాడు.

రెండోసారి అదే చోట మూరెడు వెంట్రుక.

"తలకు గుడ్డ కట్టుకోవా నువ్వు?" అన్నాను.

"ఇంకెవుర్నీ లోపలికి రానీలేదన్నా. నేనొక్కడినే ఉండా. నాకా, బట్టతల." అతను వంగి చాలాసేపు చూశాడు. "ఎర్రగా ఉండాది. బర్రెకి గోరింటాకు ఎవురు పెడతారన్నా?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

మూడోసారి దగ్గరుండి చేయించాలని కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, దుమ్ము రాకుండా దరియావలి షట్టరు దించాడు. నేల తడిపాడు. సందులన్నీ గుడ్డలతో మూశాడు. లోపల ఒక్క బల్బు. కంప్రెసర్ మోతకు రేకులు అదురుతున్నాయి. థిన్నర్ ఘాటు గొంతులో పట్టుకుంది. ఆ ఘాటు కింద ఇంకేదో వాసన కూడా ఉంది. కాలవ బురద వాసన. బయటి నుంచి వస్తోందనుకున్నాను. కానీ షట్టరు మూసే ఉంది.

గన్ను అటూ ఇటూ తిరిగింది. బానెట్ మీద తెలుపు మీగడలా పరుచుకుంది. ఒక్క మచ్చ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

కంప్రెసర్ ఆగింది.

అప్పుడు చూశాను... తడి రంగులో సన్నటి గీత. కదులుతోంది. పైనుంచి పడింది కాదది. రేకులోంచి పైకి వస్తోంది. ఎర్రగా... మెల్లగా... కుదురు దగ్గర మాత్రం తెల్లగా.

"పెరగతా ఉండాదన్నా" అన్నాడు దరియావలి గుసగుసగా.

భయం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. మళ్లీ పాడయింది! వెంట్రుకను వేలికి చుట్టి లాగాను. తెగలేదు. ఇంకా గట్టిగా లాగాను. వేలు కోసుకుపోయింది. రేకు కింద ఏదో... తలలాంటిది... నా లాగుడుకు ఇటు తిరిగింది.

"మెల్లగా నాయనా... నొప్పి."

వదిలేశాను. వెనక్కి జరిగితే వీపుకు షట్టరు తగిలింది. ఎంత ఎత్తినా లేవలేదు.

దరియావలి నా వైపు చూడలేదు. పచ్చి రంగు మీద చెంప ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా" అన్నాడు.

ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అతనికి వినపడింది. చాలాసేపు విన్నాడు. మధ్య మధ్య "ఊ" అన్నాడు. ఒకసారి ఏడ్చాడు. తర్వాత తల ఎత్తాడు. సగం ముఖం తెల్లగా ఉంది. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అన్నా," అన్నాడు ఎప్పటి మర్యాదతోనే, "మీ ఇంట్లో ఎంతమంది అని అడగతా ఉండాది."

జీవితంలో వేయి అబద్ధాలు ఆడాను. ఆ ఒక్కటి మాత్రం నా కోసం ఆడలేదు.

"ఎవరూ లేరు" అన్నాను. "నేనొక్కడినే."

అతను మళ్లీ వంగాడు. చెవి ఆనించాడు. విన్నాడు.

"కాదంటన్నా. నలుగురంట." చెంప ఎత్తకుండానే చెప్పాడు. "పాపకి నడుము దాకా జుట్టంట."