విరగని కడ్డీ

టైటానియం కడ్డీల్ని మెషిన్‌లో బిగించి, విరిగేదాకా లాగి వదలడం, మళ్లీ లాగి వదలడం, ఇదీ నా ఉద్యోగం. ఓపిక ఉన్నవాళ్లు చేయాల్సిన పని. నాకది లేదు.

నాకు కడ్డీలు పంపే అమ్మాయిది పక్క షెడ్డు. కడ్డీల మీద సన్నటి ఉక్కు గుళ్లు జోరుగా కొట్టిస్తే పైపొర గట్టిపడి, పగుళ్లు తొందరగా రావని ఆమే మేనేజర్ వెంటపడి మరీ ఆ సెక్షన్ పెట్టించింది. తీరా చూస్తే ఆమె పంపిన కడ్డీలు మామూలు వాటికన్నా ముందే పుటుక్కుమంటున్నాయి. ఇంకో బ్యాచ్ ఇలాగే విరిగితే షెడ్డుకి తాళమేనని మేనేజర్ తేల్చేశాడు.

నాకు విసుగెత్తిపోయింది. పోనీ ఆమెని నిలదీద్దామంటే, ఎదురుపడగానే ఏదో పిచ్చి జోకు తప్ప నోరు పెగలదు. అది ఇంకో విసుగు.

ఆ రోజు విరిగిన ముక్కని కిటికీ దగ్గర పట్టుకుంటే అందులో నా మొహం కనిపించింది. గుళ్ల దెబ్బలు తిన్న కడ్డీ సన్నటి గుంటలతో మసకగా ఉండాలి కదా. నేరుగా షెడ్డుకి వెళ్లాను.

“వీటిని పాలిష్ చేశారా?”

“చేశాను,” అంది తల దించుకుని. “మొదటిసారి తెచ్చినప్పుడు, ఇంత గరుకు మొహాలేంటండీ అని మీరే కదా నవ్వారు.”

పైపైన రుద్దితే ఏం కాదనుకుందట. నాకు నచ్చాలన్న పట్టుదలలో గట్టిపొరంతా అరగదీసి, కడ్డీని మామూలు దానికన్నా బలహీనం చేసింది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. కొత్త కడ్డీకి గుళ్లు కొట్టించి, గుడ్డ కూడా తగలనివ్వకుండా పంపమన్నాను. అది విరిగాక మీకో మాట చెప్పాలని కూడా అనేశాను.

అది విరగలేదు. మామూలు కడ్డీలు విరిగే లెక్క ఎప్పుడో దాటేసింది. మేనేజర్ వచ్చి చూసి, తాళం మాట ఇక ఎత్తనన్నాడు. అందరూ సంతోషించారు, నేను తప్ప. ఆమె రోజూ వచ్చి విరిగిందా అంటుంది, లేదంటాను, వెళ్లిపోతుంది. ఒక లోహం మీద ఇంత కోపం వస్తుందని నాకు తెలీదు.

చివరికి ఆమెకే విసుగొచ్చి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“అది విరిగేట్టు లేదు. నువ్వే చెప్పు.”

మీరు కాస్తా నువ్వయింది. ఆ ఏకవచనంతోనే సగం ధైర్యం వచ్చింది. నువ్వంటే నాకిష్టం, పెళ్లి చేసుకుందామని ఒక్క గుక్కలో చెప్పేశాను.

“హమ్మయ్య,” అంది. “మా అమ్మ కూడా రోజూ అడుగుతోంది, విరిగిందా అని.”