నెత్తురాపే జెల్

లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే డాక్టర్‌గారి అసిస్టెంట్ శవం బయటికి ఒరిగింది. మెడకి బిగించిన తీగ చర్మంలోకి దిగిపోయి ఉంది.

"తర్వాత వంతు డాక్టర్‌ది," అన్నాడు చీఫ్. "ఆవిడ కనిపెట్టిన జెల్ రాస్తే తెగిన నరం క్షణాల్లో మూసుకుపోతుంది. ఫార్ములా ఆవిడ బుర్రలోనే ఉంది. విదేశీ ముఠా అమ్మమంది, ఆవిడ పొమ్మంది. తమకి దక్కనిది ఎవరికీ దక్కకూడదని వాళ్ళ పంతం. కాసేపట్లో కంపెనీల అధిపతులకి డెమో. ఆపమంటే ఆవిడ వినడం లేదు."

"హంతకుడెవరు?" అడిగాడు ఏజెంట్.

"ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ హాల్లో ఉంది, ఆమె చెప్తుంది. జాగ్రత్తరా. నీకేమైనా అయితే మీ అక్క నన్ను బతకనివ్వదు."

చీఫ్ సొంత బావ కావడంతో డిపార్ట్‌మెంటంతా ఈ ఏజెంటుని బావమరిది అనే పిలుస్తుంది. ప్రాణాల మీదికొచ్చే పనులన్నీ ఆ చుట్టరికం కొద్దీ అతనికే దక్కుతుంటాయి.

మైక్ టెక్నీషియన్ వేషంలో హాల్లోకి వెళ్ళాడు. డబుల్ ఏజెంట్ ఎర్ర గౌనులో, చేతిలో పూలగుత్తితో ఎదురైంది. అంత అందగత్తెని సోదా చెయ్యాలని ఏ సెక్యూరిటీవాడికీ తోచదు.

"ఏసీ ఎక్కువైంది," అంది. అది కోడ్.

"తగ్గించమంటారా?"

"కెమెరామన్. గన్ కెమెరాలో ఉంది."

బావమరిది కెమెరామన్‌ని తెర వెనక్కి ఈడ్చి, మోకాలితో పొట్టలో కుమ్మి, ముక్కు పచ్చడి చేశాడు. కెమెరా బద్దలుకొడితే బ్యాటరీ తప్ప ఏమీ లేదు.

"నేనేం చేశాను సార్?" అని ఏడ్చాడు పాపం.

డబుల్ ఏజెంట్ నిజంగా ఎవరి మనిషో బావమరిదికి ఇప్పుడర్థమైంది. తెర చీల్చుకుని స్టేజీ మీదికి ఉరికాడు.

ఆమె నవ్వుతూ డాక్టర్‌కి పూలగుత్తి అందిస్తోంది. పూల మధ్యనుంచి సన్నని కత్తి డాక్టర్ గొంతు మీదికి లేచింది. అతను అడ్డం దూకాడు. కత్తి తొడలో పిడిదాకా దిగింది. ఆమె దాన్ని లాగి మళ్ళీ ఎత్తేలోగా అతని చేతిలోని మైక్ స్టాండు ఆమె కణత మీద పడింది. ఎముక పగిలిన చప్పుడు స్పీకర్లలో హాలంతా వినిపించింది. ఆమె మరి లేవలేదు.

అతని తొడలోంచి నెత్తురు చిమ్ముతోంది. డాక్టర్ ట్యూబు మూత పళ్ళతో పీకింది.

"దీన్ని ఇంతవరకూ పందుల మీదే వాడాను."

"నన్నూ ఆ లెక్కలోనే వేసుకోండి మేడమ్."

ఆమె జెల్‌ని వేళ్ళతో గాయంలోకి కూరింది. అతనికి కళ్ళు బైర్లు కమ్మాయి. అక్క గుర్తొచ్చింది, నిజంగా భయమేసింది. నెత్తురు ధార సన్నబడి, చుక్కలుగా కారి, ఆగింది.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ముందు వరుసలోంచి ఒక చైర్మన్ చెయ్యెత్తాడు. "డెమో అద్భుతం. పొట్టలో పొడిచినా ఇలాగే ఆగుతుందా?"

డాక్టర్ వంగి కిందపడ్డ కత్తి తీసింది.

"చూపిస్తాను. స్టేజీ మీదికి రండి."