మూడో గేరు

ఒక బండి ఇంజిను తీసి ఇంకో బండికి ఎక్కించడమంటే మా పనిలో పెండ్లి చేసినంత తతంగం. పని నేర్పిన సాముయేలు ఉస్తాద్ నాకు ఒకే ఒక నియమం పెట్టాడు. బయటి ఇంజిను షెడ్డులోకి వస్తే, అది ఎవరి బండిదో పేరు అడగాలి. ఆ పేరు చెప్పి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు పానా పట్టాలి. ఉస్తాద్ ఆదివారం చర్చికి పోయే మనిషి. "కొబ్బరికాయ మీరు కొట్టుండ్రి, పేరు మాత్రం నేనే అడుగుత" అనేవాడు. ముప్పై ఏళ్లలో నేను ఒక్కసారే అడగలేదు. ఎందుకంటే అడగాల్సిన మనిషి ధనరాజ్. చిన్నప్పటి దోస్తును ఇది ఎక్కడిదిరా అని అడిగితే దొంగవా అని అడిగినట్టే కదా అనుకున్నాను.

అది 2004 వానాకాలం. చేవెళ్ల బస్టాండు వెనకాల నా షెడ్డుకు కల్యాణ్ సారు ఒక ముసలి పెట్రోలు జీపును తాడు కట్టి లాక్కొచ్చాడు. హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం, మొయినాబాద్ దగ్గర కొత్త ఫాంహౌసు. ఫాంహౌసు ఉన్నవాడికి జీపు లేకపోతే మీసం లేని పటేలులా ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు.

"అన్నా, పైన అంతా పాతదే ఉండాలె. లోపల మాత్రం డీజిల్ ఇంజిన్ కావాలె," అన్నాడు. అట్లనే సార్ అన్నాను. ఇంజిను తెచ్చే పని ధనరాజ్ మీద వేశాను. ఊళ్లో స్పేర్‌పార్టుల దుకాణం వాడిదే.

ఆ ఫాంహౌసు భూమి ఒకప్పుడు మాదే. అవ్వకు పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండెకరాలు, ఒక బావి. నాకూ తమ్ముడు రామన్నకూ ఉమ్మడి. రామన్న చేవెళ్ల నుంచి శంకర్‌పల్లికి ప్యాసింజర్ జీపు తోలేవాడు. జీపు ధనరాజ్‌ది, చెమట రామన్నది. భూముల ధరలు లేచినప్పుడు అమ్మేద్దామని ధనరాజ్ మా వెంటబడ్డాడు. నేను ఊగాను. రామన్న ససేమిరా అన్నాడు.

మూడేళ్ల కింద ఒకరోజు రామన్న జీపుతో సహా కనబడకుండా పోయాడు. వారం తర్వాత ధనరాజ్ ఒక కాగితం తెచ్చాడు. కింద రామన్న సంతకం. అమ్మకానికి ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకుని, జీపునూ తోలుకుని పోయాడట.

"నాకు జీపు పాయె, నీకు తమ్ముడు పాయె. ఇద్దరం మోసపోయినం బాలన్నా," అని నా భుజం మీద తలపెట్టి ఏడ్చాడు.

నేను నమ్మాను. పక్కనే నా సంతకం కూడా పెట్టాను. తోడబుట్టినవాణ్ణి నడిబజార్లో నిలబడి బండబూతులు తిట్టాను. అవ్వ మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమెకు అప్పటికే చూపు పోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఎడమ అరచెయ్యి తడిమి చూసి వదిలేసేది. రామన్న అరచేతిలో గేరు పట్టీ పట్టీ కాయ కాసి ఉండేది.

ధనరాజ్ తెచ్చిన ఇంజిను పచ్చరంగు కొత్త పెయింటుతో నిగనిగలాడింది. వెనకాలే దాని గేరుబాక్సు. డీజిల్ ఇంజిను గుంజుడుకు పెట్రోలు బండి బాక్సు ఆగదు కాబట్టి జోడీని జోడీగానే ఎక్కించాలి.

"బీదర్ వేలంల కొన్న. బాక్స్ మంచిగున్నది, విప్పకు," అన్నాడు.

నేను విప్పలేదు. కొత్త నూనె పోశాను. పేరు అడగలేదు. కొబ్బరికాయ కూడా కొట్టలేదు, ఎవరి పేరున కొట్టను? నాలుగు రోజులు పట్టింది. చైను బ్లాకుతో దించి, ఇంజిను కూర్చునే దిమ్మెలు వెల్డింగు చేసి, షాఫ్టు కోసి పొట్టి చేశాను. ఆ నాలుగు రోజులూ ధనరాజ్ వచ్చి పోతూ ఉన్నాడు కానీ జీపు మీద చెయ్యి వేయలేదు. నాకు ఆ సంగతి తర్వాత తట్టింది.

ఐదో రోజు సాయంత్రం బండిని ఫాంహౌసులో అప్పజెప్పాలి. సన్నగా తుంపర. పక్క సీటు దులిపి ధనరాజ్‌ను ఎక్కమన్నాను.

"నువ్వు నడువు. నేను మోటర్‌సైకిల్ మీద ఎనక వస్త," అన్నాడు.

చేవెళ్ల దాటేసరికి పొద్దు గూకింది. రోడ్డుకు రెండు వైపులా చెట్ల కింద అప్పుడే చీకటి. ఇంజిను నిదానంగా, లోతుగా కొట్టుకుంటోంది. నా చేతిపనికి నేనే మురిసిపోయాను. మూడో గేరు వేశాను.

లివరు వణికింది.

నా అరచేతికి ఆ వణుకు తెలుసు. గేరు ఊడిపోయే ముందు వచ్చే వణుకు. రామన్న జీపుకు అదే రోగం. గేర్లను జరిపే ఇనుప ఫోర్కు విరిగితే నేనే ఇత్తడితో అతికాను. కొత్తది రేపు వేస్తా తమ్మీ అని ఏడాది గడిపాను. పాపం వాడు ఎడమ చేత్తో లివరును ఒత్తి పట్టుకుని తోలేవాడు. గేరు మార్చే ముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. నిద్ర లేపుతున్న అన్నా, అని నవ్వేవాడు.

గేరు ఊడింది. మళ్లీ వేశాను. ఊడింది. ఇంకోసారి వేసి చెయ్యి తీశాను.

టక్... టక్.

వణుకు ఆగిపోయింది. లివరు కదలకుండా నిలబడింది. ఎవరో ఒత్తి పట్టుకున్నట్టు...

వాసన వచ్చింది. బావి పూడిక తీసినప్పుడు వచ్చే నల్లమట్టి వాసన. మెల్లగా చెయ్యి చాపాను. లివరు తగల్లేదు. లివరు మీద ఉన్న చెయ్యి తగిలింది.

చల్లగా. తడిగా.

పక్క సీటు వైపు చూశాను. ఖాళీ. ఆ చెయ్యి అక్కడి నుంచి రాలేదు. బొటనవేలు నా వైపు ఉంది. అది తోలేవాడి ఎడమ చెయ్యి... నేను కూర్చున్న చోటనే ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

మొయినాబాద్ దాకా బండి మూడో గేరులోనే పోయింది. స్టీరింగు నేను పట్టుకున్నాననుకుంటా. ఫాంహౌసు గేటు తీసే ఉంది. కరెంటు లేదు. జీపు ఇంటి ముందు ఆగలేదు. గడ్డి లాను మీదికి ఎక్కింది, మధ్యలోకి పోయింది, ఆగింది. ముందు చక్రాలు మెత్తగా భూమిలోకి దిగసాగాయి.

నేను కిందికి దూకాను. వెనక నుంచి మోటర్‌సైకిల్ లైటు పడింది.

"గాడ ఆపకు! ఎనకకు తీయ్!" ధనరాజ్ గొంతు చీరుకుపోయింది.

ఎందుకు అనలేదు నేను. నోటికి వచ్చింది ఇంకొకటి.

"మూడో గేర్ నిలబడ్తలేదు."

"చేత్తోని ఒత్తి పట్టుకోవాలె గద దాన్ని..." అని ఆగిపోయాడు.

బీదర్ వేలంలో కొన్న బాక్సు. వాడు ఒక్కరోజు తోలని బాక్సు.

"నీకెట్ల ఎరుక?" గుసగుసగా అడిగాను.

వాడు నన్ను చూడటం లేదు. చక్రాల కింద దిగిపోతున్న గడ్డిని చూస్తున్నాడు. పిల్లలు పడతారని వాడే పూడ్పించిన మా బావి అది.

"నా తమ్ముడేడి ధనరాజ్?"

జీపులో తాళం ఆపేసే వైపే తిప్పి ఉంది, ఇంజిను మాత్రం ఆగలేదు. డీజిల్ ఇంజినుకు తాళంతో పనిలేదు, ఒకసారి రగిలితే డీజిల్ అందినంతసేపు కొట్టుకుంటుంది. లోపలికి వంగి, ఇంజినును ఆపే తీగ లాగాను. తెగి చేతికి వచ్చింది. బండి లోపల లివరు దానంతట అదే కదిలింది.

టక్... టక్.

ధనరాజ్ మోటర్‌సైకిల్ అక్కడే పడేసి కాలినడకన ఉరికాడు.

మర్నాడే తవ్వించాను. పద్దెనిమిది అడుగుల కింద నా తమ్ముడు దొరికాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. నేను ముప్పై ఏళ్లు దోస్తు అనుకున్నవాడు పోలీసులకు దొరికి స్టేషన్లో అంతా చెప్పాడు. దొంగ సంతకం పెట్టింది తనేనట. రామన్నను కొట్టిన పానా నా షెడ్డు నుంచి అడిగి తీసుకుపోయిందేనట. జీపును ముక్కలు చేసి అమ్మి, ఇంజిను, బాక్సు మాత్రం మంచి ధర కోసం గోదాములో దాచాడట. వాడి మీద కోపం ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. వాడు రామన్నను ఒక్కసారే చంపాడు. నేను మూడేళ్లు తిట్టాను.

పోలీసులు బండి ఇచ్చాక గేరుబాక్సు విప్పాను. నేను అతికిన ఫోర్కు రెండు ముక్కలై అడుగున పడి ఉంది. విరిగిన అంచుల మీద ఏళ్లనాటి తుప్పు. ఆ బాక్సులో మూడో గేరు పడే మార్గమే లేదు.

ఆ రాత్రి అన్నం తిని అవ్వ మంచం పక్కన కూర్చున్నాను. అలవాటుగా నా ఎడమ చెయ్యి తీసుకుని తడిమింది. ఈసారి వదల్లేదు. ఆమె బొటనవేలు అరచేయి మధ్యలో ఒకచోట ఆగింది. ఎన్నడూ లేని కాయ ఒకటి నాకే తగిలింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా రామన్నా?" అంది.

చెయ్యి వెనక్కి తీసుకుందామనుకున్నాను. అది రాలేదు. అవ్వ వేళ్లను అదే గట్టిగా పట్టుకుంది.